చామంతి ఆగుతుంది, ఆ మొక్క ఆగదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు గంజాయి మొక్క చుట్టూ తిరిగేవే. ఒకటి జర్మనీ నుంచి, ఒకటి తెనాలి నుంచి, ఇంకొకటి బొబ్బిలి వైపు నుంచి. ఈ శీర్షికలో ఆ పేరు ఎత్తడానికి ఇన్నేళ్లూ వెనకాడుతూ వచ్చాను. కానీ అడిగినవాళ్లు దాపరికం లేకుండా అడిగారు. నేనూ అలాగే చెబుతాను.

*ప్రశ్న: మేడమ్, నేను లైప్‌జిగ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. అక్టోబరులో వచ్చాను. ఫ్లాట్‌లో ముగ్గురం తెలుగువాళ్లం, ఒక జర్మన్ అబ్బాయి. అతను ఆటోఫ్లవర్ విత్తనాలు తెప్పించి మూడు కుండీల్లో వేస్తున్నాడు. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుందట, మమ్మల్నీ వేయమంటున్నాడు. అసలు ఆటోఫ్లవర్ అంటే ఏమిటి? ఈ చలికాలంలో కిటికీ దగ్గర పెరుగుతుందా? మాకేమైనా ఇబ్బంది వస్తుందా?*

బాబూ, ముందు మొక్క సంగతి చూద్దాం. మా పెరట్లో గోడవారన చామంతి వరస ఉంది. ఏటా కార్తీకానికి అన్నీ మొగ్గ తొడిగేవి. రెండేళ్ల కిందట గోడ అవతల వీధిదీపం మార్చి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టారు. ఆ ఏడు దీపం వెలుగు పడే నాలుగు మొక్కలూ ఆకు మీద ఆకు వేస్తూ పోయాయి, మొగ్గ మాత్రం లేదు. నాలుగడుగుల అవతల జామచెట్టు చాటున ఉన్నవి ముద్దముద్దగా పూశాయి. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, నారు ఒకటే. చామంతికి పొద్దు తగ్గాలి, రాత్రి పొడుగ్గా, చిక్కగా ఉండాలి. నడిరాత్రి దీపం వెలుగుతుంటే దానికి ఇంకా వేసవే. ఈ గుట్టును 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేసవంతా ఏపుగా పెరిగి పూయకుండా ఉండిపోయే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకట్లో ఉంచి, దానికి అందే పొద్దు తగ్గించారు. అప్పుడు పూసింది.

మామూలు గంజాయి మొక్కదీ చామంతి దారే. రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. ఆటోఫ్లవర్ అలా కాదు. వేసవి చిన్నది, ఆ వేసవిలో పగలు చాలా పొడుగు, ఇట్టే మంచు పడిపోతుంది. అలాంటి చలి ప్రాంతాల్లో బీళ్లలో, దారుల పక్కన పెరిగే ఒక పొట్టి రకం ఉంది. 1924లో యానిషెవ్‌స్కీ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త దానికి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. చీకటి కోసం కాచుకుని కూర్చుంటే అక్కడ గింజ కట్టేలోగా మంచు మీద పడుతుంది. అందుకని ఆ మొక్క పొద్దు సంగతి పట్టించుకోదు. మొలిచిన మూడు నాలుగు వారాలకే పూతకొస్తుంది. దాన్ని మిగతా రకాలతో సంకరపరిచి తీసినవే మీ స్నేహితుడి విత్తనాలు. విత్తిన దగ్గర్నుంచి కోతకు సుమారు పది పన్నెండు వారాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వ్యవసాయం చేసినవాళ్లయితే వరితో పోల్చి చెప్పండి, చిటికెలో అర్థమవుతుంది. పాత దేశవాళీ రకాలు కొన్ని ముందు నాటినా వెనక నాటినా పొద్దు తగ్గాకే ఈనేవి. ఐఆర్8 అనే కొత్త వరి రకం వచ్చాక నాటిన రోజుల లెక్కే లెక్క అయింది.

రోజుల లెక్క మీద బతికే మొక్క ఎవరి కోసమూ ఆగదు. తెలియనివాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చామంతి నారుకు వేరు నలిగినా నెల రోజుల్లో తేరుకుని పూస్తుంది. ఆటో మొక్క మొలక వయసులో ఒక వారం చతికిలబడితే ఆ వారం మళ్లీ రాదు. అరచేతి ఎత్తులోనే పూత మొదలుపెట్టేస్తుంది. అందుకే దీన్ని పెంచేవాళ్లు కుండీ మార్చరు. చివరిదాకా ఉండాల్సిన కుండీలోనే గింజ వేస్తారు. గుల్లగా ఉండే మట్టి కలుపుతారు, మొలకకు నీళ్లు చూసి చూసి పోస్తారు. ప్రేమకొద్దీ రోజూ చెంబుడు నీళ్లు పోస్తే మొదలు కుళ్లుతుంది. కొమ్మ కోసి నాటుకోవడమూ కలిసిరాదు. తల్లి మొక్కకు ఎంత వయసో ఆ కొమ్మకూ అంతే.

ఇక మీ కిటికీ. 'ఆటో' అనేసరికి వెలుతురు అక్కర్లేదనుకుంటున్నారు చాలామంది. పూయడానికి పొద్దు లెక్క అక్కర్లేదు గానీ పెరగడానికి వెలుతురు కావాలి కదా. డిసెంబరులో లైప్‌జిగ్‌లో పగలు ఎనిమిది గంటలు. అదీ మబ్బు పగలు. కిటికీ దగ్గర పెడితే మొక్క దారంలా సాగి, టైమ్ అయింది కాబట్టి నాలుగు పూతలు పెట్టి ముగించేస్తుంది. ఇంట్లో పెంచేవాళ్లు రోజుకు పద్దెనిమిది గంటలు దీపాలు వేసేది అందుకే. గాలి ఆడని గదిలో తేమ పట్టి పూతకు బూజు వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

మీరు అడిగిన ఇబ్బంది గురించి. జర్మనీ చట్టం 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తాముండే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కసారికి మూడు మొక్కల వరకు పెంచుకోవచ్చు, ఇంట్లో 50 గ్రాములు, బయట 25 గ్రాముల వరకు ఉంచుకోవచ్చు. నిజమే. కానీ ఆ ఇంట్లో, ఆ దేశంలో మీరు కనీసం ఆరు నెలలుగా నివాసం ఉండాలి. మీరు వెళ్లింది అక్టోబరులో. అంటే ఏప్రిల్ దాటేదాకా అతనికి చెల్లే మాట మీకు చెల్లదు. పెంచినది సొంతానికే. స్నేహం కొద్దీ చిటికెడు పంచిపెట్టినా తప్పే, అది మీ ఫ్లాట్‌లోనే అయినా. మొక్కలు పిల్లలకూ పైవాళ్లకూ అందకుండా ఉంచే బాధ్యత వేసినవాడిది. కారు నడిపేవాళ్లకు రక్తంలోని సీరమ్‌లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములు హద్దు. ఇరవై ఒకటి నిండనివాళ్లకూ కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకూ అసలు ఉండకూడదు.

నన్నడిగితే, ఆరు నెలలు నిండాక కూడా వేయొద్దంటాను. ముప్పయ్యేళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసులో మెదడు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. ఆ వయసులో తరచుగా వాడేవాళ్లలో భ్రమలు, అనుమానాలతో కూడిన మానసిక జబ్బుల ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లోవాళ్లెవరికైనా అలాంటి జబ్బు ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీరు వేయకపోయినా ఒక పని చేయండి. సెలవులకు ఇంటికి బయల్దేరే ముందు పెట్టె, జాకెట్ జేబులు, బ్యాక్‌ప్యాక్ చిన్న అరలతో సహా ఖాళీచేసి దులపండి. ఇంకొకరి వస్తువు అరువడిగి తేకండి. లైప్‌జిగ్ చట్టం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పనికిరాదు.

*ప్రశ్న: మా అబ్బాయి కెనడా నుంచి సంక్రాంతికి వచ్చాడు. కాగితం పొట్లంలో ఆరు గింజలు తెచ్చాడు. 'ఇది మామూలు గంజాయి కాదమ్మా, ఆటో రకం, రెండడుగులు దాటదు, మేడమీద కుండీలో వేస్తే ఎవరికీ తెలియదు' అంటున్నాడు. అక్కడ ఇంట్లో వేస్తే తప్పు కాదట. నాకు నిద్ర పట్టడం లేదు. ఇల్లు నా పేరు మీద ఉంది. (తెనాలి)*

చెల్లెమ్మా, ఆ గింజలు మట్టిలో పడకూడదు. ఇవాళే పొయ్యిలో వేయండి, తర్వాత మాట్లాడదాం.

అబ్బాయి చెప్పింది కెనడా వరకు అబద్ధం కాదు. 2018 అక్టోబరు 17 నుంచి అక్కడి దేశ చట్టం ఇంటికి నాలుగు మొక్కలు ఒప్పుకుంటుంది. అక్కడ కూడా క్యూబెక్ రాష్ట్రం ఇంట్లో పెంచడాన్ని ఒప్పుకోలేదు, 2023లో వాళ్ల సుప్రీంకోర్టు క్యూబెక్ మాటనే నిలబెట్టింది. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ఉంది. పిల్లలు పొరపడేది దాని నిర్వచనాల దగ్గరే. గంజాయి అంటే పూత, కాయ కొసలు. కొసలు లేకుండా వట్టి గింజ, వట్టి ఆకు ఆ మాట కిందకు రావు. అది ఎక్కడో చదివి 'గింజ తప్పు కాదు, కాబట్టి వేసుకోవచ్చు' అనుకుంటారు. అదే చట్టంలో మొక్కకు వేరే నిర్వచనం ఉంది: కానబిస్ (గంజాయికి శాస్త్రీయ పేరు) ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా. పొట్టిదా పొడుగుదా, ఆటోదా కాదా అనే ప్రసక్తే లేదు. రుడెరాలిస్ అయినా ఆ ప్రజాతిదే. ఇరవయ్యో సెక్షన్ కింద అనుమతి లేకుండా సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇన్ని మొక్కల లోపు అయితే ఫర్వాలేదన్న మాట అందులో లేదు. కుండీలో ఒక్కటున్నా సాగే.

ఇల్లు మీ పేరు మీద ఉందన్నారు. మీ భయం ఉత్తిది కాదు. తెలిసీ తన ఇంట్లో ఇలాంటి పని జరగనిచ్చినవాళ్లకు ఇరవై అయిదో సెక్షన్ అదే శిక్ష చెబుతుంది. 'వద్దన్నా వినలేదు' అనే మాట మొక్క మేడ మీద ఉండగా ఎవరికి వినిపిస్తుంది? దీనికి తోడు, ఏ విత్తనమైనా విదేశం నుంచి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పొట్లంలో తెచ్చిన బంతి గింజలకైనా అంతే.

అరిచి గొడవ పెట్టుకోకండి. భోజనాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడగండి: రోజూ వాడుతున్నావా, అది లేకపోతే నిద్ర పట్టడం లేదా అని. ఔనంటే 14446కు ఫోన్ చేయండి. వ్యసన విముక్తి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తిచేసినవాణ్ణి, వాడకం, కొద్దిపాటి పరిమాణం కేసుల్లో శిక్ష నుంచి కాపాడే 64ఎ సెక్షన్ కూడా ఈ చట్టంలోనే ఉంది. ఇంత కటువైన చట్టంలో ఆ సందు ఎందుకు వదిలారో తల్లులందరికీ తెలియాలి.

*ప్రశ్న: నేను గోగు రైతుని, బొబ్బిలి దగ్గర. ఈ ఏడు రోడ్డు పక్క మడిలో వేశాను. బైకుల మీద పోయే కుర్రాళ్లు ఆగి ఫోటోలు తీస్తున్నారు. ఒకడు 'మామా, గంజాయి బాగా ఎదిగింది' అన్నాడు. నిజంగా ఎవరైనా ఫిర్యాదు చేస్తే?*

అన్నయ్యా, భయపడకండి. ఆ పోలికను మొక్కలకు శాస్త్రనామాలు పెట్టిన లిన్నేయస్ అంతటివాడే పేరులో పెట్టాడు. గోగుకు శాస్త్రనామం హైబిస్కస్ కానబినస్. గంజాయి ఆకును పోలిన మందార అని అర్థం. వేళ్లు చాచినట్టుండే ఆకు చూసి దూరం నుంచి ఎవరైనా పొరబడతారు.

దగ్గరికి వెళ్లి ఒక ఆకు తుంచండి. గోగు ఆకు ఎంత చీలినా మొదట్లో అరచేయిలా కలిసే ఉంటుంది. గంజాయిలో ఒక్కో రెబ్బ తొడిమె దాకా విడివిడిగా ఉంటుంది, అంచు రంపంలా ఉంటుంది. గోగు కాడ మీద చిన్న ముళ్లు చేతికి గీరుకుంటాయి. ఆకు నమిలితే పులుపు. గంజాయి పూత నలిపితే వేళ్లకు జిగురు అంటుకుంటుంది, ఘాటు వాసన వస్తుంది. ఇంకో చిక్కు మాటల్లో ఉంది. పత్రికల్లో హెంప్ (నార కోసం పెంచే గంజాయి రకం) అని వచ్చినచోటల్లా జనపనార అని రాసేస్తున్నారు. మన జనుము పప్పుజాతి మొక్క, మీ గోగు మందార జాతిది. రెండూ నారకు పనికొచ్చేవే గానీ గంజాయితో చుట్టరికం లేదు.

పూతకొచ్చాక ఒక ఉదయం ఆ కుర్రాళ్లను పిలిచి చూపించండి. లేత పసుపు రేకలు, నడుమ కుంకుమ ఎరుపు. మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది, పెందలాడే రమ్మనండి. గంజాయి మొక్కకు రేకలున్న పువ్వే ఉండదు.