దేశాల మధ్య రాజీ కుదిర్చే పనిలో మా అమ్మాయికి చోటుంటుందా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి, ఇంజినీరింగ్‌లో చేరుతుందనుకున్నాం. కొన్నాళ్లుగా టీవీలో ఫలానా దేశాధ్యక్షుడు యుద్ధం ఆపించాడు, ఒప్పందం చేయించాడు అనే వార్తలు చూసి, "నేనూ దేశాల మధ్య రాజీ కుదిర్చే పని చేస్తాను" అని పట్టుబట్టి కూర్చుంది. అది ప్రధానులూ ప్రెసిడెంట్లూ చేసే పని కదా! మామూలు ఇంటి పిల్లకు అందులో ఉద్యోగం ఏముంటుంది? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. సంతకాల రోజున టీవీలో కనిపించేది ఆ ప్రెసిడెంట్ ఒక్కడే. మీ అమ్మాయి చూసిందీ అదే. ఆ రోజు వరకూ పని ఎలా నడిచిందో తెలిస్తే, చోటు ఎక్కడుందో మీకే కనబడుతుంది.

1978 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, అప్పటిదాకా యుద్ధాలు చేసుకున్న ఈజిప్టు అధ్యక్షుడు సదాత్‌నూ ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌నూ అమెరికా అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌కు పిలిచాడు. అక్కడ 13 రోజులు కూర్చున్నారు. మొదటి రెండు మూడు రోజుల్లోనే తేలిపోయింది, ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే గొడవ పెరుగుతుందే గాని తగ్గదని. ఆపైన కార్టర్, ఆయన మనుషులు ఒకరి బస నుంచి ఇంకొకరి బసకు కాగితాలు పట్టుకుని తిరిగారు. ఇద్దరూ చెరొక ముసాయిదా రాసి కొట్టుకోకుండా, అమెరికా వాళ్లే ఒక్క ముసాయిదా రాసి ఇద్దరి అభ్యంతరాలూ అందులోనే దిద్దుతూ పోయారు. అలా ఇరవైకి పైగా సార్లు తిరగరాశారు. ఒక రోజైతే కార్టర్ నాయకులిద్దరినీ పక్కన పెట్టి, ఇజ్రాయెల్ న్యాయ నిపుణుడు అహరోన్ బరాక్, ఈజిప్టు దౌత్యాధికారి ఒసామా ఎల్‌బాజ్‌లతో గంటల తరబడి కూర్చుని ఒక్కొక్క మాటా తేల్చుకున్నాడు. ఏ పదం పెడితే నాయకులిద్దరూ ఒప్పుకుంటారో తెలిసినవాళ్లు ఈ బరాక్, ఎల్‌బాజ్‌లే.

చివరి రోజు జెరూసలేం విషయంలో బెగిన్ అలిగి, సంతకం చేయనన్నాడు. ఆయన మనవలూ మనవరాళ్ల కోసం ముగ్గురు నాయకుల ఫొటోలు అడిగి ఉన్నాడు. కార్టర్ ఒక్కొక్క ఫొటో మీద ఒక్కొక్క పిల్ల పేరు రాసి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ పేర్లు చదువుతుంటే బెగిన్ గొంతు వణికింది. ఆ సాయంత్రమే సంతకాలయ్యాయి. ఇజ్రాయెల్‌కు ఫోన్ చేయించి ఆ పిల్లల పేర్లు ముందే కనుక్కున్నది కార్టర్ కార్యదర్శి. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆమె.

అలాగని నాయకుడు ఉత్త సంతకాల మనిషి కాడమ్మా. మాట ఇవ్వగలిగేది, ఆ మాటకు డబ్బు కట్టగలిగేది ఆయనే. 2025లో మన చిత్తూరు వైపు తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? కిలోకు 12 రూపాయలని తేల్చి, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, మిగతా 4 ప్రభుత్వం ఇస్తుందన్నారు. ఆ నాలుగు రూపాయల పాత్రే క్యాంప్ డేవిడ్‌లో అమెరికాది. 1967 యుద్ధంలో ఈజిప్టు నుంచి ఆక్రమించిన సినాయ్ ప్రాంతాన్ని వదిలి వచ్చే ఇజ్రాయెల్‌కు నెగెవ్ ఎడారిలో కొత్త వైమానిక స్థావరాలు కట్టుకోవడానికి డబ్బు ఇస్తామన్నది. 1979 మార్చి 26న రెండు దేశాలూ శాంతి ఒప్పందం చేసుకున్నాయి. 1982కల్లా సినాయ్ ఈజిప్టుకు తిరిగి దక్కింది. అంత పెద్ద హామీ ఏ అధికారీ ఇవ్వలేడు. కానీ ఎంత ఇవ్వాలి, ఏ షరతు మీద ఇవ్వాలి అని లెక్క కట్టేది అధికారులే. మీ అమ్మాయికి నేను చూపించే కుర్చీ అక్కడిది.

అంత దూరం ఎందుకు, మన ఊళ్ల సంగతే చెప్తాను. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగాదా తీర్చడానికి పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవడం, ఏ భాష వాళ్లు ఎక్కువున్నారో జనాభా లెక్కల్లో చూడటం, భూమి ఒకదానికొకటి ఆనుకుని ఉందా అని పటం మీద సరిచూడటం, ఇదీ ఆయన పద్ధతి. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు వైపు గ్రామాలు మనకొచ్చాయి. రెండు వైపులా బాధపడినవాళ్లు ఉన్నారు. కానీ తగాదా తీరింది. ఆ లెక్కలన్నీ ఊరూరా పట్టిక వేసి కూర్చినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. మీ అమ్మాయి ఎంపీసీ చదివిందని బాధపడకండి, ఈ పనికి లెక్కలు బాగా కావాలి.

తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో బడికి వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1949 నుంచి 1952 వరకు మాస్కోలో మన రాయబారి. కొరియా యుద్ధం మొదలై, భారతదేశం రెండు వైపులా మాట్లాడించాలని చూసిన కాలం అది. కాబట్టి "మన ఊరి పిల్లకు ఇవన్నీ ఎక్కడ" అని మాత్రం అనకండమ్మా.

ఇక చదువు. ఈ రంగంలోకి పెద్ద దారి ఇండియన్ ఫారిన్ సర్వీస్, అంటే మన దౌత్యాధికారుల సర్వీసు. యూపీఎస్సీ సివిల్స్ రాయాలి. ఏ డిగ్రీ అయినా సరే, కనీసం 21 ఏళ్లు నిండాలి. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. ఎంపికైతే ఢిల్లీలో శిక్షణ, తర్వాత ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్పిస్తారు. కానీ ఏటా ఈ సర్వీసులోకి తీసుకునేది కొన్ని పదుల మందినే. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టి, నాలుగైదేళ్లు కోచింగ్‌లో గడిపేయడం నేను ఒప్పుకోను.

నా సలహా ఐదేళ్ల లా, లేకపోతే ఎకనామిక్స్ మేజర్‌గా డిగ్రీ. నేనైతే లా వైపే మొగ్గుతాను. లా చదివితే సివిల్స్ రాకపోయినా చేతిలో వృత్తి ఉంటుంది. కోర్టు బయట రాజీ చేయించడానికి 2023లో మధ్యవర్తిత్వ చట్టం కూడా వచ్చింది కాబట్టి ఆ పని పెరుగుతుంది. తిరుపతి కోర్టులో లోక్ అదాలత్ జరిగే రోజు ఒక్కసారి తీసుకెళ్లి చూపించండి. డిగ్రీ వైపు వెళ్తే, పీజీలో అంతర్జాతీయ సంబంధాలకు జేఎన్‌యూ ఉంది. మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది, వెళ్లి అడగమనండి. ఏది చేరినా మొదటి సంవత్సరం నుంచే ఫ్రెంచ్ గాని అరబిక్ గాని మొదలుపెట్టాలి. తమిళం ఎలాగూ చెవిన పడుతూనే ఉంటుంది, దాన్ని చదవడం రాయడం కూడా నేర్చుకోమనండి.

ఇంజినీరింగే చేరినా తలుపు మూసుకుపోదు. భారత్, పాకిస్తాన్ నదుల నీళ్లు పంచుకునే సింధు జలాల ఒప్పందం కోసం ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిగా తొమ్మిదేళ్లు చర్చలు నడిచాయి. మన వైపు ముందుండి మాట్లాడింది నీటిపారుదల ఇంజినీరు గుల్హాటీ. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సంతకం చేశారు. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దాన్ని నిలిపి ఉంచేదాకా, యుద్ధాలు వచ్చినా అది నడిచింది.

నేను చాలా ఏళ్లు, మార్కులు బాగా వచ్చిన ప్రతి పిల్లకూ ఇంజినీరింగ్ అనే చెప్పాను. కొందరి విషయంలో అది తప్పని తర్వాత తెలిసి బాధపడ్డాను. అందుకే ఇప్పుడు తొందరపడి అవుననీ కాదనీ చెప్పడం లేదు. మీ అమ్మాయికి ఒక పని ఇవ్వండి. ఆ సింధు జలాల ఒప్పందం మూలపాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 12 అధికరణలు, 8 అనుబంధాలు. అసలు విషయమంతా అనుబంధాల్లో ఉంది. ఏ నదిలో ఎంత నీరు నిలపవచ్చు, గేట్లు ఏ ఎత్తున పెట్టాలి, మాట కుదరకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి, అంతా కొలతలతో సహా ఉంటుంది. చదవడానికి కష్టంగానే ఉంటుంది. పరీక్షలయ్యాక సెలవుల్లో రోజుకు నాలుగు పేజీలు చదివి, తనకు అర్థమైంది మీకు తెలుగులో చెప్పమనండి. అనుబంధాల దాకా వచ్చి కూడా చదువుతూనే ఉంటే, ఆ నోట్సు తీసుకుని తననే నా దగ్గరికి రమ్మనండి. లా ప్రవేశ పరీక్షకు ఎలా చదవాలో కూర్చుని మాట్లాడుకుంటాం.