డికిన్సన్ కవితల నంబర్లు ఎందుకు కలవవు?

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషులో అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మీద సెమినార్ పేపర్ రాయాలి. లైబ్రరీలో దొరికిన విమర్శ గ్రంథం ఒక కవితను 712 అంటోంది. నా పుస్తకంలో ఆ నంబరు దగ్గర వేరే కవిత ఉంది. నెట్‌లో చూస్తే అసలు ఒక చరణమే లేదు. దేన్ని నమ్మాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆ నంబర్లు డికిన్సన్ వేసినవి కావు, సంపాదకులు వేసినవి. 1955లో థామస్ జాన్సన్ 1,775 కవితలకు నంబర్లిచ్చారు. 1998లో ఆర్.డబ్ల్యూ. ఫ్రాంక్లిన్ రాతప్రతులు మళ్లీ పరిశీలించి 1,789గా తేల్చారు, వరుసా మార్చారు. మృత్యువు బండి ఆపి ఎక్కించుకునే మీ కవిత జాన్సన్‌లో 712, ఫ్రాంక్లిన్‌లో 479. 1998కి ముందు అచ్చయిన విమర్శలో నంబరు ఉంటే అది చాలావరకు జాన్సన్‌దే. తర్వాతి పుస్తకమైతే ముందుమాట కన్నా ముందు సంక్షిప్తాల పేజీ తిప్పండి. జె అంటే జాన్సన్, ఎఫ్‌ఆర్ అంటే ఫ్రాంక్లిన్. నంబరుతో కుస్తీ పట్టకుండా, చివర ఉండే తొలి పాదాల సూచికలో వెతికితే కవిత వెంటనే దొరుకుతుంది.

నెట్‌లో మీకు దొరికింది ఆ కవితకు 1890 నాటి పాఠం (అచ్చయిన రూపం) అయి ఉంటుంది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎక్కడ చూసినా అదే. కవయిత్రి పోయిన నాలుగేళ్లకు ఆమె తొలి సంపాదకులు మేబెల్ టాడ్, థామస్ హిగిన్సన్ దాన్ని అచ్చుకు ‘చక్కబెట్టారు’: ‘రథం’ అని పేరు పెట్టారు, విరామ వేళ గుండ్రంగా చేరిన బడిపిల్లల పాదాన్ని మార్చేశారు, నాలుగో చరణం ఎత్తేశారు. ‘మేం సూర్యుణ్ని దాటాం’ అన్న మనిషి ‘కాదు, అతడే మమ్మల్ని దాటాడు’ అని సవరించుకునేది, పల్చటి బట్టల్లో చలి తగిలేది ఆ చరణంలోనే. విమర్శకుడు చలి గురించి రెండు పేజీలు రాస్తే, ఈ పాఠం చదివినవారికి తలాతోకా తెలియదు.

తేదీలతోనూ జాగ్రత్త. చాలా రాతప్రతుల మీద తేదీ లేదు. చేతిరాత, కాగితం చూసి సంపాదకులు అంచనా కట్టారు. పైగా అది ఆ ప్రతి రాసుకున్న కాలం, కవిత పుట్టిన కాలం కాకపోవచ్చు. అమెరికా అంతర్యుద్ధ సంఘటనకూ కవితకూ నేరుగా ముడిపెట్టిన వాదన కనిపిస్తే, ఆధారం ఏమిటో ఫుట్‌నోట్‌లో చూడకుండా మీ పేపర్‌లోకి ఎక్కించకండి.

మీరు మాత్రం ఫ్రాంక్లిన్ పాఠమే ఉటంకించండి. కవిత మొదటిసారి వచ్చినచోట రెండు నంబర్లూ వేస్తే పాత విమర్శ చదివినవారికీ ఇబ్బంది ఉండదు.