మత్తు డాక్టరుకు పేరు రాదంటున్నారు, ఎండీ అనస్థీషియా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తిచేసింది. నీట్ పీజీ ర్యాంకుకు ఎండీ అనస్థీషియా వచ్చేలా ఉంది. ఆమెకు ఇష్టమే. సొంత పేషెంట్లుండరని, పేరు రాదని బంధువులు అంటున్నారు. మరో ఏడాది చదివి జనరల్ మెడిసిన్‌కు ప్రయత్నించమనాలా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: బంధువుల మాటలో కొంత నిజముంది. డిశ్చార్జి రోజున ఇంటివాళ్లు సర్జన్ పేరే చెప్పుకుంటారు, మత్తు ఇచ్చిన డాక్టరు ముఖం కూడా చాలామందికి గుర్తుండదు. బోర్డు కట్టుకుని, ఏళ్ల తరబడి అవే కుటుంబాలకు వైద్యం చేయాలన్నది మీ అమ్మాయి కోరికైతే ఈ శాఖ ఆమెకు అంతగా నప్పదు. అయితే ఆ కోరిక ఆమెదా, మీదా అన్నది ముందు తేల్చుకోండి.

మత్తు ఇవ్వడమన్నది ఈ పనిలో ఒక భాగం మాత్రమే. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మత్తుమందు రక్తనాళంలోకి ఎక్కిన నిమిషంలోపే రోగికి స్పృహ తప్పుతుంది. కండరాలు సడలే మందు కూడా ఇచ్చాక అతని ఊపిరి పూర్తిగా డాక్టరు చేతిలో ఉంటుంది. వేసిన గొట్టం శ్వాసనాళంలోకే వెళ్లిందా, అన్నవాహికలోకి జారిందా అన్నది మానిటర్‌పై కార్బన్ డయాక్సైడ్ గీత ప్రతి శ్వాసకూ లేచి పడుతోందా లేదా అని చూసి నిర్ధారించుకుంటారు. ఆ గీత లేవకపోతే దిద్దుకోవడానికి దొరికే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది.

నొప్పి తగ్గించడం కూడా కేవలం ఉపశమనం కాదు. పక్కటెముకలు విరిగిన రోగి నొప్పికి భయపడి దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా వచ్చే ప్రమాదముంది. అల్ట్రాసౌండ్ సాయంతో నొప్పిని మోసే నరాల దగ్గర మందు ఎక్కించి (దీన్నే నరాల బ్లాకు అంటారు) నొప్పిని అణచితే అతడు దగ్గగలుగుతాడు, లేచి కూర్చోగలుగుతాడు. ఐసీయూలో వెంటిలేటర్‌పై ఉన్న మనిషి తన నొప్పిని నోటితో చెప్పలేడు కాబట్టి, ముడుచుకున్న నుదురు, బిగుసుకున్న చేతులు, యంత్రంతో పొసగని శ్వాస చూసి డాక్టరే దాన్ని అంచనా వేయాలి. మత్తు ఎక్కువైతే వెంటిలేటర్‌పై గడిపే రోజులు పెరుగుతాయి, తక్కువైతే రోగి గొట్టం పీకేసుకునే ప్రమాదముంది. నా దృష్టిలో ఈ శాఖలోని అసలు విద్య ఈ తూకంలోనే ఉంది.

పేరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అప్పట్లో మత్తుమందుగా వాడిన క్లోరోఫాం భద్రతపై 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేసింది హైదరాబాద్‌లోనే. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ కూడా ఆ నగరంలోనే పనిచేశారు.

ఎండీ మూడేళ్లు. తర్వాత నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం), కార్డియాక్ అనస్థీషియా, న్యూరో అనస్థీషియా వంటి డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ) కోర్సుల్లో చేరవచ్చు. క్రిటికల్ కేర్‌కు జనరల్ మెడిసిన్ చదివినవారితోపాటు అనస్థీషియా వారూ అర్హులే కాబట్టి, కేవలం ఆ దారి కోసం ఏడాది పోగొట్టుకోనక్కర్లేదు. పెయిన్ మెడిసిన్‌లో ఫెలోషిప్ చేస్తే నడుమునొప్పి, క్యాన్సర్ నొప్పి రోగులకు సొంత ఓపీ నడుపుకోవచ్చు. ఉండరని బంధువులు అన్న సొంత పేషెంట్లు అక్కడ ఉంటారు.

కష్టం కూడా చెప్పాలి. అర్ధరాత్రి అత్యవసర సిజేరియన్లు తప్పవు. చిన్న నర్సింగ్ హోమ్‌లకు పిలుపు మీద వెళ్లేవారు అక్కడి యంత్రాలతోనే నెట్టుకురావాల్సి వస్తుంది. సరైన మానిటర్ లేనిచోట కేసు చేయనని చెప్పగల గట్టితనం మీ అమ్మాయికి ఉండాలి.

ఆమెకు ఇష్టముంది కాబట్టి సీటు తీసుకోమనే నా సలహా. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆయా కాలేజీల్లో చదువుతున్న పీజీలతో మాట్లాడమనండి: ఐసీయూ డ్యూటీలు ఎన్ని నెలలు, నరాల బ్లాకులకు అల్ట్రాసౌండ్ యంత్రం పీజీల చేతికి ఇస్తారా, పెయిన్ ఓపీ వారానికి ఎన్ని రోజులు నడుస్తుంది అని అడిగి, ఆ జవాబులను బట్టి ఆప్షన్ల వరుస నిర్ణయించుకోమనండి.