సెప్టెంబరులో నాలుగు చోట్లా, జనవరిలో పది చోట్లా?

అమెరికాలో ఎంబీఏ కోసం సెప్టెంబరు విడతలోనే నాలుగు బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు చేయాలా, జనవరి విడత వరకు ఆగి పదింటికి చేయాలా, స్కాలర్‌షిప్‌కు ఏది మేలు అని మీరు అడిగారు. నాలుగింటికే చేయండి, సెప్టెంబరులోనే చేయండి.

మొదటిసారి నేను జనవరిలో తొమ్మిది చోట్లకు పంపాను. రుషికొండలోని మా ఆఫీసులో మేనేజరుగారిని సిఫారసు లేఖ అడిగింది డిసెంబరు ఆఖరి వారంలో. సెలవు మీద ఊరికి బయలుదేరుతున్న ఆయన హడావిడిగా అరపేజీ రాసి, దాన్నే అన్ని స్కూళ్లకూ పంపారు. ఒక్క చోట సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ మాత్రం రూపాయి కూడా రాలేదు. ఆ రాత్రి స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు ముగించుకుని గాజువాకలోని ఇంటికి వచ్చిన నాన్నగారు, యూనిఫాం కూడా మార్చుకోకుండా బీరువా తెరిచి, ఇంటి దస్తావేజులున్న ప్లాస్టిక్ కవరు తీసి, లింకు డాక్యుమెంట్లను ఒక్కొక్కటిగా మంచం మీద పరిచి, "బ్యాంకువాళ్లు ఒరిజినల్సే అడుగుతారు కదరా" అన్నారు. మడతల దగ్గర చిరిగి, అమ్మ టేపు అంటించిన ఆ స్టాంపు కాగితాలను చూశాక ఆ సీటు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మన ఐఐఎంల ప్రవేశపరీక్ష క్యాట్ స్కోరు ఒక్క ఏడాదికే పనికొస్తుంది గానీ, విదేశీ బిజినెస్ స్కూళ్ల కోసం రాసే జీమ్యాట్ పరీక్ష స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది కనుక, ఆగినందువల్ల నా చదువు వృథా కాలేదు. మరుసటి ఏడాది జులైలోనే మేనేజరుగారి దగ్గర కూర్చుని, నేను చేసిన ఏ పని గురించి రాస్తే బాగుంటుందో ఇద్దరం మాట్లాడుకున్నాం. సెప్టెంబరు విడతలో మూడు చోట్లకే పంపాను. రెండు చోట్ల సీటు, ఒక చోట ట్యూషన్ ఫీజులో సగం స్కాలర్‌షిప్ వచ్చాయి. ప్రతిభను బట్టి ఇచ్చే డబ్బు తొలి విడతలవారికే ఎక్కువగా దక్కుతుందని నా గట్టి నమ్మకం.

ద్వారకానగర్‌లో నేను వెళ్లిన కన్సల్టెన్సీ అప్లికేషన్‌కు ఇంత అని ఫీజు తీసుకునేది కాబట్టి ఎన్ని చేస్తే అంత మంచిదని చెప్పింది. స్కూలు పేరు మాత్రం మార్చి ఒకే వ్యాసాన్ని తొమ్మిది చోట్లకు పంపించింది. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో వచ్చే పిల్లలకు అలా చెప్పడం అన్యాయం.

హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూళ్ల సంగతి వేరు. అక్కడ స్కూలు ఇచ్చే సహాయం స్కోరును బట్టి కాక ఆర్థిక అవసరాన్ని బట్టి ఉంటుంది కనుక, మీ ఆదాయం, ఆస్తుల వివరాలను ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. సిఫారసు లేఖ రాసేవారిని మాత్రం ఈ వారంలోనే కలవండి.