ఫైర్‌ఫాక్స్ టెక్స్ట్ బాక్స్‌లో కాకుండా మన ఎడిటర్‌లోనే టైప్ చేయొచ్చా?

తెలుగు వికీపీడియాలో పెద్ద వ్యాసాలు దిద్దడానికి బ్రౌజర్‌లోని బాక్స్ సరిపోవడం లేదు, ఫైర్‌ఫాక్స్ నుంచి నేరుగా ఎడిటర్ (వీఎస్ కోడ్ లాంటి టెక్స్ట్ రాసుకునే ప్రోగ్రామ్) తెరిచే దారి ఉందా అని అడిగారు. ఉంది. పాత పోస్టుల్లో అందరూ చెప్పే ఇట్స్ ఆల్ టెక్స్ట్ అనే యాడాన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్, ఎక్స్‌టెన్షన్ అన్నా ఇదే) కోసం మాత్రం వెతక్కండి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా యాడాన్లు ఆగిపోయినప్పుడే దాని పని అయిపోయింది. మంచి యాడాన్, పాపం.

ఇప్పుడు నేను వాడేది ఘోస్ట్‌టెక్స్ట్. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్, ఎడిటర్‌లో ప్లగిన్, రెండూ వేసుకోవాలి. వీఎస్ కోడ్, సబ్లైమ్, ఈమ్యాక్స్, విమ్‌లకు ప్లగిన్లు ఉన్నాయి. ఎడిటర్ తెరిచి ఉంచి, పేజీలో ఎక్స్‌టెన్షన్ బటన్ నొక్కి బాక్స్ ఎంచుకుంటే అందులోని టెక్స్ట్ ఎడిటర్‌లోకి వస్తుంది. ఇక్కడ కొట్టిన అక్షరం వెంటనే అక్కడ పడుతుంది, సేవ్ చేసే పని లేదు. అంతా మీ కంప్యూటర్ లోపలే, మామూలుగా 4001 పోర్టు (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి నంబరు) మీద నడుస్తుంది. కనెక్ట్ కాకపోతే ఆ పోర్టును ఇంకేదైనా ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుందేమో చూడండి.

లినక్స్ అయితే టెక్స్‌టర్న్ అనే ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. ఎక్స్‌టెన్షన్లు ఎడిటర్‌ని సొంతంగా నడపలేవు కాబట్టి దీనికి ఒక చిన్న సహాయక ప్రోగ్రామ్ విడిగా పెట్టుకోవాలి. అది టెక్స్ట్‌ను తాత్కాలిక ఫైల్‌లో పెట్టి ఎడిటర్‌కి ఇస్తుంది, మనం సేవ్ చేసినప్పుడల్లా బాక్స్‌లోకి తెస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే: వీఎస్ కోడ్ కమాండ్ ఫైల్‌ని విండోకి అప్పగించి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది, దాంతో ఎడిటింగ్ అయిపోయిందనుకుంటుంది టెక్స్‌టర్న్. కమాండ్‌కి వెయిట్ ఆప్షన్ (--wait) చేర్చితే సరి. జీవిమ్‌కైతే (విమ్‌కి విడి విండో రూపం) హైఫన్ ఎఫ్ (-f).

ఇవన్నీ ఒక ఎత్తు, తెలుగు ఒక ఎత్తు. చాలా టెర్మినళ్లలో (కమాండ్లు కొట్టే విండోల్లో) విమ్ తెరిచి "స్త్రీ" అని కొట్టి చూడండి, ఒత్తులు విడిపోయి పక్క అక్షరం మీదికెక్కుతాయి, కర్సర్ ఎక్కడుందో తెలీదు. ఫైల్‌లో టెక్స్ట్ సరిగ్గానే ఉంటుంది కానీ చూస్తూ దిద్దడం నరకం. వీఎస్ కోడ్‌లో ఆ టెన్షన్ లేదు. 2020లో వచ్చిన ఈమ్యాక్స్ 27 నుంచి హార్ఫ్‌బజ్ (అక్షరాలను, ఒత్తులను సరిగ్గా కలిపి చూపించే సాఫ్ట్‌వేర్) వాడకం మొదలైంది కాబట్టి గ్రాఫికల్ ఈమ్యాక్స్‌లోనూ అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. పైగా అందులో తెలుగు టైపింగ్‌కి ఐట్రాన్స్ (ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేది), ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ అమరిక) పద్ధతులు ముందే ఉంటాయి; కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కి ఎంచుకోవడమే. మీకు ఈమ్యాక్స్ అలవాటు లేకపోతే మాత్రం దీనికోసం నేర్చుకోకండి, వీఎస్ కోడ్ చాలు.