చిన్నప్పుడు ఇంట్లో పడ్డ కష్టాలకి మెదడు శాశ్వతంగా పాడైపోతుందా?

"ఏస్ (చిన్నతనంలో పడ్డ కష్టాల్ని లెక్కపెట్టే పది ప్రశ్నల పట్టిక) ప్రశ్నలకి జవాబులు రాస్తే నాకు పదికి ఆరు వచ్చింది. అంటే చిన్నప్పటి దెబ్బలకి నా మెదడు ఇక బాగుపడనట్టేనా?" అని అడిగారు. నాకు ఏడు వచ్చింది. మీకంటే ఒకటి ఎక్కువే కాబట్టి, మాట్లాడే అర్హత కాస్త ఉందనుకుంటున్నాను.

ముందు ఆ అంకె సంగతి. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అమెరికాలో వేల మంది పెద్దవాళ్లని వాళ్ల చిన్నతనం గురించి అడిగి, 1998లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు రకాల కష్టాలు, అంతకు మించీ పడ్డవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు, ఏ కష్టమూ పడనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. చదవగానే గుండె జారుతుంది, నిజమే. కానీ అది గుంపు లెక్క, మన జాతకం కాదు. ఒక్క మనిషికి ఏమవుతుందో ఈ స్కోరుతో తేల్చకూడదని ఆ ఆండాయే 2020లో సహరచయితలతో కలిసి రాశాడు. తన్నులు ఒక్కసారి పడ్డాయా, పదేళ్లు పడ్డాయా అన్నది ఆ ప్రశ్నల్లో తేలదు. పక్కన ఎవరైనా ఉన్నారా అనీ అడగరు. నాకు అమ్మమ్మ ఉండేది. ఆవిడకి అందులో గడి లేదు.

ఇక "పాడవడం" అనే మాట. మా నాన్న రాత్రి గేటు గడియ తీసే చప్పుడుని బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పేసేదాన్ని. మెల్లగా తీస్తే ఫరవాలేదు. రెండుసార్లు తడబడి టంగుమని కొడితే తమ్ముణ్ణి లేపి వెనక గదిలోకి తీసుకెళ్లిపోయేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సేత్ పోలక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మసగ్గా ఉన్న ముఖాల్ని కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పిల్లలకి చూపించాడు. దెబ్బలు తిని పెరిగిన పిల్లలు కోపాన్ని మిగతావాళ్లకంటే ముందే పసిగట్టారు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది పాడైన మెదడు చేసే పనేనా? ఆ ఇంట్లో బతకడానికి సానపట్టిన మెదడు చేసే పని కదా! ఈ మార్పుల్లో చాలా వాటిని పరిస్థితికి తగ్గ సర్దుబాటుగా చూడాలని మార్టిన్ టైకర్ అనే మెదడు పరిశోధకుడు కూడా ఎప్పటినుంచో అంటున్నాడు.

అలాగని ఖర్చు లేదనను. మెదడులో ప్రమాదాన్ని కనిపెట్టే అమిగ్డాలా అనే భాగం చిన్నదానికే ఉలిక్కిపడడానికి అలవాటుపడుతుంది. దాన్ని ఊరుకోబెట్టాల్సిన మెదడు ముందు భాగమేమో ఇరవయ్యేళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఇల్లు మారినా కాపలా దిగదు. మీటింగులో మేనేజరు గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, నాకు మాటలు వినపడడం ఆగిపోయేది, పెదాలు మాత్రం కదిలేవి. నేను మందబుద్ధిననే అనుకున్నాను చాలాకాలం.

మారుతుందా అంటే, పసివాళ్ల విషయంలో గట్టి సాక్ష్యమే ఉంది. రుమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో, అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. వాళ్ల తెలివితేటలు మెరుగుపడ్డాయి, రెండేళ్లలోపే వెళ్లినవాళ్లకి మరీను. పెద్దవాళ్లకి అంత వేగం ఉండదు. నేను మూడేళ్లుగా కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. మొదటి ఆరు నెలలూ దండగనే అనిపించింది. ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కాకపోతే, ఒకప్పుడు రోజంతా ఉండే దడ ఇప్పుడు పది నిమిషాల్లో దిగుతోంది. మీరూ స్కోరు పక్కన పెట్టి, ఏ చప్పుడుకి, ఏ గొంతుకి మీ ఒళ్లు బిగుస్తోందో రాసుకుని, ఆ కాగితంతో ఎవరైనా మంచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆ కాగితం కోసం ఆగకండి, ఇవాళే ఎవరికైనా చెప్పండి.

నాకు వేరే కొలత ఒకటి ఉంది. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, వాడు పెంకుల వైపు చూడలేదు, నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఎక్కడిదో నాకు తెలుసు. కౌన్సెలింగ్‌కి వెళ్లింది దానికే. మొన్న మళ్లీ ఒకటి పగిలింది. వాడు కిందకి చూస్తూనే, "అమ్మా, చీపురెక్కడ పెట్టావ్?" అని కేకేశాడు.