జీటీఏ 6 కోసం ఇప్పుడే ప్లేస్టేషన్ కొనాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 48,000 చేతికొస్తుంది. ఇంటికి 12,000 పంపి, మిగతా ఖర్చులన్నీ పోగా 9,000 మిగులుతుంది. అందులోంచే 2,000 క్రెడిట్ కార్డుకి మినిమమ్ డ్యూ కడుతున్నాను. కార్డు బాకీ 38,000 ఉంది. టీవీకి తగిలించి గేములాడుకునే కన్సోల్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) కోసం రెండేళ్లుగా దాచిన 60,000 సేవింగ్స్ ఖాతాలో ఉంది. నరసరావుపేటలో హైస్కూల్ రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలిచ్చి జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియో గేముల్లో ఒకటైన వైస్ సిటీ ఆడేవాళ్లం. అప్పటి నుంచి జీటీఏ అంటే ప్రాణం. నా దగ్గరున్నది పాత పీఎస్4. జీటీఏ 6 పోయిన నెల, అంటే 2025 నవంబరులో, మళ్లీ వాయిదా పడింది. షాపువాళ్లు పీఎస్5 ధర 55,000 చెప్పి, పెరిగేలోపు నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నారు. స్నేహితులు పీఎస్6 దాకా ఆగమంటున్నారు. నాన్న ‘బొమ్మలకి యాభై వేలా’ అని కోప్పడుతున్నారు. ఏం చేయాలి? కొంటే డిస్క్ పెట్టుకునేది కొనాలా, డిజిటల్‌ది చాలా?

జవాబు: ముందు నాన్నగారి మాట గురించి. ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ ఇంటికి నెలనెలా 12,000 పంపుతూ, రెండేళ్లు ఓపిగ్గా 60,000 కూడబెట్టిన మనిషి తనకిష్టమైన వస్తువు ఒకటి కొనుక్కుంటే తప్పులేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు వస్తువు కొని తర్వాత అప్పు గురించి అడుగుతారు. మీరు కొనకముందే అడిగారు. అందుకే ఈ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

కన్సోల్ కొనండి. ఇప్పుడు మాత్రం వద్దు. ఆ 60,000లోంచి 38,000 తీసి ఈ వారమే కార్డు బాకీ మొత్తం కట్టేయండి.

ఎందుకంటే మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. 38,000 మీద అది 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 239. రెండూ కలిపి 1,569. మీరు కట్టే 2,000లో అసలుకి చేరేది 431 మాత్రమే. ఇలాగే పది నెలలు కడితే మీ జేబులోంచి 20,000 పోతుంది, బాకీ ఇంకా 32,800 దగ్గర ఉంటుంది. అంటే వడ్డీకి, పన్నుకి కలిపి సుమారు 14,800 పోయినట్టు. పైగా బాకీ ఇలా సాగుతున్నంత కాలం ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు. కూరగాయలు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ సంగతి తెలియక నలిగిపోతున్న కుర్రాళ్లను వారానికొకరినైనా చూస్తుంటాను. మీరు అందులోంచి బయటపడాలన్నదే నా మొదటి కోరిక. ఒక పక్క సేవింగ్స్ ఖాతాలో డబ్బు పెట్టుకుని, ఇంకో పక్క ఏడాదికి 40 శాతం దాటిన వడ్డీ కట్టుకోవడంలో అర్థం లేదు.

ఇక ధర పెరుగుతుందన్న భయం. షాపువాళ్ల మాటని కొట్టిపారేయను. వెనకటి రోజుల్లో కన్సోల్ ఆగితే చవకయ్యేది. 2006లో అమెరికాలో 599 డాలర్లకు వచ్చిన పీఎస్3, మూడేళ్లకు స్లిమ్ మోడల్ రూపంలో 299కి దిగింది. ఈ తరం మాత్రం అలా లేదు. పీఎస్5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990కి వచ్చింది, 2022 నవంబరులో 54,990 అయింది. అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ ధరలు అక్కడ 2025 ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు పెరిగాయి. 2021లో మా అక్క కొడుకు అడిగితే ‘రెండేళ్లు ఆగరా, తగ్గుతుంది’ అన్నాను. ఆ సలహా తప్పింది, 5,000 ఎక్కువ పెట్టి కొన్నాడు. అందుకే మీకు ‘తగ్గుతుంది’ అని చెప్పను.

అయినా ఆగమనే చెబుతున్నాను. 2021లో కొనకుండా ఆ 50,000 ఐదేళ్లకు 5 శాతం వడ్డీకి డిపాజిట్ చేసి ఉంటే చివరికి సుమారు 63,800 అయ్యేది. ధర పెరిగింది నిజమే, కానీ డబ్బు అంతకంటే ఎక్కువ పెరిగేది. మీ విషయంలో ఇది ఇంకా స్పష్టం. వచ్చే ఏడాది కన్సోల్ మరో 5,000 పెరిగిందే అనుకుందాం. ఆ 5,000 మిగుల్చుకోవాలని ఇప్పుడే కొని కార్డు బాకీని అలాగే ఉంచితే వడ్డీకి పోయేది 14,800. ఏది మేలో మీరే చూడండి.

నో కాస్ట్ ఈఎంఐ మాటకొస్తే, అందులో వడ్డీ లేకపోలేదు. వడ్డీ ఎంతో లెక్కగట్టి అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా ధరలో తగ్గిస్తారు, తర్వాత ఆ వడ్డీని బ్యాంకు మీ దగ్గర వసూలు చేస్తుంది. 55,000కి 12 నెలలంటే నెలకు 4,583. 16 శాతం వడ్డీ వేసుకుంటే అందులో దాగిన వడ్డీ దాదాపు 4,480. అది డిస్కౌంట్‌లో సర్దుబాటవుతుంది కానీ దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 800 పైచిలుకు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద మళ్లీ జీఎస్టీ. మొత్తం వెయ్యి దాటుతుంది. ఇదేమంత పెద్ద మొత్తం కాదు. కార్డు బాకీ లేనివాళ్లు అడిగితే ‘సరే తీసుకోండి’ అనేవాణ్ని. మీ నెల మిగులు 9,000. అందులో 2,000 మినిమమ్ డ్యూకి, 4,583 ఈఎంఐకి పోతే చేతిలో మిగిలేది 2,417. ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే మళ్లీ ఆ కార్డే గీకాలి.

ఆట సంగతి ఇప్పుడు. మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, కానీ సంవత్సరాలను ఒక వరుసలో పెట్టి చూశారా? జీటీఏ 3 2001లో, వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో, నాలుగోది 2008లో, ఐదోది 2013 సెప్టెంబరులో వచ్చాయి. మధ్యలో ఎడం ఒకటి, రెండు, నాలుగు, ఐదేళ్లు. ఆరోదానికి పదమూడేళ్లు. 2023 డిసెంబరులో మొదటి ట్రైలర్ వేసి 2025 అన్నారు. 2025 మేలో, 2026 మే 26 అన్నారు. అదే ఏడాది నవంబరు 6న దాన్ని 2026 నవంబరు 19కి జరిపారు. ఇంకో పక్క ఎల్డర్ స్క్రోల్స్ అనే మరో గేమ్ సిరీస్ అభిమానులనే చూడండి. అందులో ఐదో భాగం స్కైరిమ్ 2011లో వచ్చింది, ఆరో భాగం వస్తోందని 2018లో చిన్న టీజర్ చూపించారు, ఈనాటికీ విడుదల తేదీ లేదు.

దీని వెనకున్న డబ్బు లెక్క కూడా చెబుతాను. ఐదో జీటీఏ 20 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. పీఎస్3 మీద వచ్చింది, ఏడాదికి పీఎస్4 మీద వచ్చింది, 2022లో పీఎస్5 మీద మళ్లీ వచ్చింది. ఒకే ఆటను మూడుసార్లు కొన్న అభిమానులున్నారు. ఆన్‌లైన్ ఆటలో వాడే డబ్బును నిజం డబ్బుకు అమ్మే షార్క్ కార్డుల అమ్మకం అదనం. పాత ఆట పన్నెండేళ్లుగా డబ్బు తెస్తుంటే కంపెనీకి తొందర ఏముంటుంది? ఆట బాగా చెక్కి వదలాలన్న పట్టుదల కూడా ఉంటుంది, కాదనను. ఏదేమైనా వాళ్ల తేదీ కదులుతుంది, మీ ఈఎంఐ తేదీ కదలదు. ప్రతి నెలా ఐదో తారీఖున డబ్బు కోసుకుపోతూ, ఆట మాత్రం రాకుండా, టీవీ కింద కన్సోల్ దుమ్ము పట్టి ఉంటే మీకే బాధ. వారంటీ కూడా ఆట రాకముందే కరిగిపోతుంటుంది.

మరి పీఎస్6? మీ స్నేహితులది వట్టి ఊహ మాత్రం కాదు. 2025 అక్టోబరులో ప్లేస్టేషన్ కంపెనీ సోనీ తరఫున పీఎస్5 రూపశిల్పి మార్క్ సెర్నీ, చిప్‌ల కంపెనీ ఏఎండీతో కలిసి చేస్తున్న కొత్త గ్రాఫిక్స్ పని చూపించి, ఇంకొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో దాన్ని తేవాలనుందని చెప్పారు. అదే ఏడాది జూన్‌లో మైక్రోసాఫ్ట్ కూడా ఏఎండీతో కొత్త తరం ఎక్స్‌బాక్స్ గురించి ప్రకటించింది. పీఎస్3 నుంచి పీఎస్4కి ఏడేళ్లు, అక్కడి నుంచి పీఎస్5కి ఏడేళ్లు. కానీ పీఎస్6కి తేదీ లేదు, ధర లేదు. వచ్చినా మన దాకా రావడం వేరే కథ. పీఎస్5 అమెరికాలో 2020 నవంబరు 12న వస్తే మనకు ఫిబ్రవరిలో వచ్చింది, ఆ తర్వాత కూడా స్టాక్ పెట్టిన నిమిషాల్లో అయిపోయేది. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రో అయితే ఏడాది దాటినా అధికారికంగా ఇక్కడ అమ్మకానికి రాలేదు. జీటీఏ 6 ప్రకటించింది పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు. మీ పీఎస్4లో అది ఆడదు. కాబట్టి ఈ ఒక్క ఆట మీదే మనసుంటే పీఎస్6 కోసం చూడాల్సిన పనిలేదు.

కార్డు కట్టేశాక మీ దగ్గర 22,000 మిగులుతుంది. దాన్ని ఆపద సొమ్ముగా పక్కన పెట్టండి, కన్సోల్ కోసం ముట్టుకోకండి. మినిమమ్ డ్యూ ఉండదు కాబట్టి జనవరి నుంచి నెలకు 9,000 పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. జీతం పడిన రోజే అందులో 5,500 వేరే సేవింగ్స్ ఖాతాలోకో, కావాలన్నప్పుడు వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లోకో ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో వద్దు, పది నెలలకు అవి సరిపడవు. మిగిలిన 3,500 ఆపద సొమ్ములో కలపండి. అక్టోబరు చివరికి కన్సోల్ ఖాతాలో 55,000, పైన కొంచెం వడ్డీ. ఆపద సొమ్ము 57,000. మీ నెల ఖర్చు 39,000 కాబట్టి అది నెలన్నరకు మాత్రమే వస్తుంది, నా దృష్టిలో తక్కువే. మూడు నెలలకు సరిపడా, అంటే 1,17,000 చేరేదాకా కన్సోల్ కొన్నాక కూడా ఆపకండి.

2026లో దీపావళి నవంబరు 8న. ఆట చెప్పిన తేదీకి సరిగ్గా పదకొండు రోజుల ముందు. దసరా, దీపావళి సేల్‌లో కన్సోళ్ల మీద వేలల్లో తగ్గించిన సందర్భాలు ఉన్నాయి. అప్పటికి తేదీ కదలకుండా ఉంటే ఆ సేల్‌లో పూర్తి డబ్బు ఇచ్చి కొనండి. మళ్లీ వాయిదా వేస్తే డబ్బు ఆ ఖాతాలోనే ఉండనివ్వండి, నెలకు 5,500 చేరుతూనే ఉంటుంది. వాయిదా మరీ సాగి ఈలోగా పీఎస్6 తేదీ, ధర బయటికొస్తే దాని గురించీ నింపాదిగా ఆలోచించుకునే వీలుంటుంది.

ఆట రాకముందే డబ్బు కట్టే ప్రీ-ఆర్డర్ వద్దే వద్దు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ కోసం ఎంతమంది ఎదురుచూశారో గుర్తుందిగా. పీఎస్4 మీద ఆట ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసి డబ్బు వెనక్కిచ్చింది. ఆట వచ్చాక రెండు మూడు రోజులు ఆగి, ఆడినవాళ్ల మాట విని కొనండి. డౌన్‌లోడ్ ఆటకు స్టాక్ అయిపోవడమంటూ ఉండదు.

నాకు అసలు టెన్షన్ కన్సోల్ గురించి కాదు, ఆ తర్వాత ఖర్చు గురించి. ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే చందా కట్టాలి. ఆటలో కార్లకి, ఇళ్లకి నిజం డబ్బు పెట్టమని ఊరిస్తూ ఉంటారు. రాత్రి పన్నెండింటికి ఆట వేడిలో ఐదొందలు గుర్తు కూడా ఉండదు. అందుకే కన్సోల్‌లో క్రెడిట్ కార్డు నంబరు సేవ్ చేయకండి. చందాతో కలిపి నెలకు ఇంత అని ఒక అంకె వేసుకుని, అంతవరకే గిఫ్ట్ కార్డు కొని వాలెట్‌లో వేసుకోండి.

చివరి ప్రశ్న: డిస్క్ పెట్టుకునేదే కొనండి. డౌన్‌లోడ్ చేసిన ఆటలే ఆడే డిజిటల్ ఎడిషన్ చవకే, కానీ అందులో కొన్న ఆటను అమ్మలేరు, స్నేహితుడికి ఇవ్వలేరు, డిస్క్ డ్రైవ్ విడిగా కొని తగిలిస్తే తప్ప పాత డిస్కు సగం ధరకు దొరికినా వాడుకోలేరు. పీఎస్5 మొదటి రోజుల్లోనే సోనీ సొంత పెద్ద ఆటలు ఒక్కోటి 4,999 దాకా ఉండేవి. ఏడాదికి రెండు మూడు డిస్కులు ఆడి అమ్మేస్తే ఆ తేడా తిరిగొస్తుంది. పైగా మీ పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ అందులో ఆడతాయి, వాటిని అమ్మకండి. పాత మెషీన్ మాత్రం అమ్మేయండి, వచ్చిన డబ్బు జీటీఏ 6 కొనడానికి సాయపడుతుంది. ఇచ్చే ముందు సేవ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, మీ అకౌంట్ డీయాక్టివేట్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి.